మా లైనులో వెనక వాకిళ్ళు

ఈ ఏడు, ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం దాటిన మంగళవారం, పగలు పదకొండుంబావుకు, గంగవరం నుంచి వచ్చిన మేస్త్రి మా ఇంటి వెనక సందులో రెండు మేకులు దిగగొట్టి వాటి మధ్య దారం లాగి కట్టాడు. టైము గోడ గడియారంలో చూసుకునే చెప్తున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, వేళ చూసుకోకుండా నాకు ఏ పనీ మొదలు కాదు. ఆ దారం ఎటు పోతే గోడ అటు లేస్తుంది. అది మా ఇంటికీ పక్కింటికీ మధ్యగా పోతోంది. నేను లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, సరిగ్గా దారం మీద వేసుకుని కూర్చున్నాను. మేస్త్రి తాపీ పట్టుకుని కాసేపు నా వైపు చూసి, చివరికి బీడీ వెలిగించుకుని పక్కకు వెళ్ళాడు.

మా లైను ఎరగనివాళ్ళకు కొంచెం చెప్పాలి. మదనపల్లెలో ఆసుపత్రి పనివాళ్ళ కోసం ఏనాడో కట్టిన పదకొండు ఇళ్ళు ఇవి. గోడకు గోడ ఆనుకుని ఒకే వరసలో ఉంటాయి. ముందు వాకిళ్ళు రోడ్డు మీదికి, వెనక వాకిళ్ళు సందులోకి. ముందు వాకిలి పాస్టరుగారికీ, పోస్టుమ్యానుకూ, పిల్లను చూడవచ్చిన పెళ్ళివారికీ. మిగతా బతుకంతా వెనకే. తర్వాత ఇళ్ళు ఒక్కొక్కటే చేతులు మారాయి, కొన్ని అద్దెకు పోయాయి. ఇప్పుడు ఇళ్ళవాళ్ళకు ఒక అసోసియేషన్ ఉంది. పోయిన ఏడు రెండిళ్ళలో నీళ్ళ మోటార్లు దొంగలు ఎత్తుకుపోయాక ఆ అసోసియేషన్ ఒక నిర్ణయం చేసింది. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటి చొప్పున పది అడ్డగోడలు కట్టి, సందును ముక్కలు చేసి, ఎవరి వెనక ముక్కను వాళ్ళు కలుపుకోవాలి. దొంగ రాడు, వాషింగ్ మెషీన్‌కు చోటు దొరుకుతుంది. పదిళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోలేదు.

నేను ఒప్పుకోకపోవడానికి కారణం నిస్సి. పక్కింట్లో అద్దెకున్న నర్సు కూతురు, ఏడేళ్ళ పిల్ల. తండ్రి కుప్పంలో పనిచేస్తాడు, ఆదివారాలకు వస్తాడు. తల్లికి షిఫ్టు డ్యూటీ. బడి నుంచి ఆటోవాడు తెచ్చి దించితే, తల్లి పిల్లను లోపల పెట్టి ముందు తలుపుకు తాళం వేసి డ్యూటీకి పరుగెత్తుతుంది. ఇక ఆ పిల్లకు చేతిలో ఫోను, పక్కన బిస్కెట్ ప్యాకెట్. కానీ వెనక వాకిలికి లోపలి గడియ ఉంది. అది తీసి నాలుగడుగులు వేస్తే మా వంటిల్లు. ఏడాదిగా ఆ నాలుగడుగులూ నడిచి వస్తోంది. మొదట్లో మాట్లాడేది కాదు, ఇప్పుడు నా కూరలో ఉప్పు తక్కువైందని చెప్పేదాకా వచ్చింది. గోడ లేస్తే ఆ నాలుగడుగులు ఉండవు. అసోసియేషన్‌లో అద్దెవాళ్ళకు ఓటు లేదు, పిల్లలకు ఎక్కడా లేదు.

కబురందుకుని అసోసియేషన్ ప్రెసిడెంటు విజయ్ మూడు దాటాక వచ్చాడు. చెడ్డవాడు కాదు. బెంగళూరు కంపెనీకి ఇంట్లో నుంచే పని చేస్తాడు, ఇక్కడే పుట్టినవాడు, ఒకప్పుడు మా లైనులో ఉన్న రాహేలమ్మ పెద్దమ్మకు స్వయానా మనవడు.

"అవ్వా, లెయ్యి. ఎండలో కూర్సుంటే కండ్లు తిరుగుతాయి" అన్నాడు.

"గొడుగుండాది. తెచ్చుకుంటాలే."

"ఆ పిల్లింట్లో నా డబ్బుతో కెమెరా పెట్టిస్తా. వాళ్ళమ్మ డ్యూటీలో నుంచే ఫోన్లో సూసుకుంటాది."

"సూసుకుంటాది. ఆకలైతే ఆ కెమెరా అన్నం కలిపి పెడతాదా అప్పా?"

మేస్త్రి మొహం అటు తిప్పుకున్నాడు. విజయ్‌కు కోపం రాలేదు, పట్టుదల వచ్చింది. "మా అవ్వ కూడా ఒకప్పుడు ఎనక వాకిలి మూసేసిందంట గదా. మా నాయన చెప్పేవాడు. ఆమె మూసుకుంటే తప్పు లేదు, మేము మూసుకుంటే తప్పా?" అన్నాడు.

ఆమె మూసిన మాట నిజం. ఎందుకు మూసిందో ఈ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. నేను కుర్చీలోంచి లేవకుండా అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, అప్పుడు తోచని సంగతులు కొన్ని కలిపి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మకు క్షయ అని తేలింది. ఊరి బయట పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. తమ్ముడు దావీదుకు ఆరేళ్ళు, చెల్లెలు ప్రేమకు ఎనిమిది నెలలు. నాయన పుంగనూరు మీదుగా కుప్పం పోయే బస్సుకు డ్రైవరు, వారానికి రెండు రాత్రులే ఇంట్లో పడుకునేవాడు. క్షయ అంటే ఆ రోజుల్లో జనం ఆ ఇంటి నీడ కూడా తొక్కేవాళ్ళు కాదు. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల బెంచీ మారింది. కానీ మా లైనువాళ్ళు ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు, ఆ రోగం ఎలా అంటుతుందో ఎలా అంటదో రోజూ చూసేవాళ్ళు. మా ముగ్గురినీ పరీక్ష చేయించి, ఏమీ లేదని తేలాక, మా ఇంటి గిన్నెలన్నీ సందులో పెద్ద డేగిసాలో వేసి ఉడకబెట్టారు. ఆ పొయ్యి పొగ, ఫినాయిలు వాసన, పక్కనే ఎవరో వేయిస్తున్న చెనక్కాయల వాసన, మూడూ కలిసి ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. గిన్నెలు ఆరాక ఎవరి పొయ్యి దగ్గరకు వాళ్ళు తీసుకుపోయారు. అలా మా గిన్నెలు మూడిళ్ళకు పోయాయి, గిన్నెల వెంట మేమూ పోయాం.

రాహేలమ్మ పెద్దమ్మ ఆడవాళ్ళ వార్డులో ఆయా. పొడుగు మనిషి, పెద్ద నోరు. జడ వేస్తే నా కనుబొమలు పైకి లాక్కుపోయేవి, నేను రోజంతా ఆశ్చర్యపోయినట్టు కనిపించేదాన్ని. ఆమె అవతల ఫాతిమక్క, అంబులెన్సు డ్రైవరు భార్య, చంకలో నెలల పిల్లవాడు. ఆమె వేసిన జడ బడి గంట కొట్టకముందే ఊడిపోయేది, కానీ అందులో ఒక కనకాంబరం పువ్వైనా ఉండేది. ఆ పక్కన శాంతమ్మ, ఆసుపత్రి వంటవాడి భార్య, ఎవరిమీదైనా ఎవరికైనా చాడీ చెప్పగల మనిషి. ఫాతిమక్క తన కొడుకుతో పాటు మా ప్రేమకు కూడా పాలిచ్చింది. అడిగి కాదు. పిల్ల ఏడుస్తోంటే వచ్చి ఎత్తుకుని, గడపలో కూర్చుని, కొంగు కప్పుకుంది. ఒకే తల్లి పాలు తాగినవాళ్ళు వాళ్ళలో అన్నాచెల్లెళ్ళట. "ఇంక వీళ్ళిద్దరికీ పెండ్లి సేసేదానికి ల్యాదు, కట్నం మిగిలింది మీ నాయనకు" అని నవ్వేది.

మా దావీదు అప్పుడే ఒక విద్య నేర్చాడు. తిన్నావా అని ఏ ఇంట్లో అడిగినా లేదనేవాడు. రాహేలమ్మ దగ్గర సంగటి, ఫాతిమక్క దగ్గర రొట్టె, శాంతమ్మ దగ్గర ఆసుపత్రి వంటశాల నుంచి వచ్చిన ఉప్మా, అన్నీ అయ్యాకే బడికి కదిలేవాడు. వాడి మాట నమ్మకూడదని మూడిళ్ళలోనూ తెలిసిపోయింది. మా లైనులో నెలలో మొదటి శనివారం పిల్లలకు ఆముదం పోసే రోజు. ఆ శనివారం తెల్లవారుతూనే రాహేలమ్మ పట్టుకుని పోసింది. ఫాతిమక్క పట్టుకుంటే, తాగినానక్కా అని వాడు మొత్తుకున్నాడు. వాడు జన్మలో చెప్పిన మొదటి నిజం అది, ఎవరు నమ్ముతారు? ఆమె పోసింది. శాంతమ్మ ఇంకో చెంచా పోసింది. ఆ పగలంతా వాడు సందు చివర దొడ్డి దగ్గర నుంచి రాలేదు. సాయంత్రం ముగ్గురాడవాళ్ళూ వాడిని పడుకోబెట్టి, ఒకరినొకరు తిట్టుకుని, ఆఖరికి నవ్వుకుని, ఒక పద్ధతి పెట్టుకున్నారు. పొద్దున ముందుగా మాకు ఏ ఇంట్లో కడుపు నిండితే ఆ ఇంటి గుడ్డపీలిక మాకు కట్టాలి. నాకు జడకు, దావీదుకూ ప్రేమకూ మణికట్టుకు. రాహేలమ్మది ఉతికిన బ్యాండేజీ తెల్ల పీలిక, ఫాతిమక్కది ఆకుపచ్చ, శాంతమ్మది ఎరుపు. పీలిక ఉంటే ఇంకో ఇంట్లో తిండీ లేదు, మందూ లేదు. పీలిక లేని పిల్ల సందులో కనిపిస్తే మాత్రం ఎవరైనా సరే ఆపి లోపలికి లాక్కుపోవాలి. త్వరలో మిగతా ఇళ్ళవాళ్ళు కూడా మా మణికట్లు చూడడం మొదలుపెట్టారు. తలెత్తి చూస్తే చాలు, ఈ పిల్లలు ఈ పూట ఎవరివాళ్ళో తెలిసేది.

నాయనకు ఇది అర్థం కాలేదు. బిడ్డలు ఊరిమీద పడి తింటున్నారని ఆయనకు సిగ్గు. పుంగనూరులో మా మేనత్త రత్నమ్మ టీచరు. పిల్లల్లేరు, సొంతిల్లు, గేటు, కొట్టంలో పాడి ఆవు. ప్రేమను తను పెంచుకుంటానంది. నన్నూ దావీదునూ కుప్పంలో ఒక బోర్డింగులో వేయాలని నాయన మాట్లాడుకుని వచ్చాడు. ఒక సాయంత్రం సందులో నిలబడి ఈ సంగతి చెప్పాడు, నా చెయ్యి దావీదు పట్టుకుని ఉన్నాడు. రాహేలమ్మ అరుస్తుందనుకున్నాం. అరవలేదు. తన స్టూలు తెచ్చి మా వెనక వాకిట్లో వేసింది.

"రేపు నీకు డ్యూటీ ల్యాదు గదా అప్పా. పొద్దున్నించి ఈడ కూర్సో. నువ్వేమీ సెయ్యొద్దు, పలకొద్దు. నీ బిడ్డ ఒక్క తూరన్నా ఏడిస్తే ఎవురూ రాకుంటే, తీసుకోని పో. నేను అడ్డం రాను."

నాయన కూర్చున్నాడు. బస్సు నడిపే మనిషికి ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. పొద్దున నాకు జడ వేసి పీలిక కట్టడం చూశాడు. దావీదును శాంతమ్మ చెవి పట్టుకుని వెనక్కు తెచ్చి పళ్ళు తోమించడం చూశాడు. ప్రేమ ఒక గడప దగ్గర పడి ఏడుపందుకుంటే నాయన సగం లేచాడు, అప్పటికే రెండు వాకిళ్ళలోంచి ఇద్దరు వంగారు. మధ్యాహ్నం నేను ఎక్కాలు తప్పు చదువుతోంటే, బియ్యం చెరుగుతున్న ఎవరో ఇంట్లోంచే సరిచేశారు. పొద్దుగూకాక నాయన స్టూలు మీంచి లేచి, రాహేలమ్మ వైపు చూడకుండా, "నేను ల్యాకపోయినా వీళ్ళకు తెలీనే తెలీదే అక్కా" అన్నాడు.

"తెలీక కాదప్పా. ఓర్సుకుంటాండారు" అంది ఆమె.

నేనూ దావీదూ ఉండిపోయాం. ప్రేమ సంగతిలో మాత్రం ఆయన తన అక్కకు మాటిచ్చేశాడు. ఆ వారమే పుంగనూరు నుంచి అత్త వచ్చి చెల్లెల్ని ఎత్తుకుపోయింది. ఫాతిమక్క తన ఆకుపచ్చ పీలిక పిల్ల మణికట్టున కట్టి పంపింది. ఆమెకు రెండు రోజులు రొమ్ములు గట్టిపడి జ్వరం వచ్చింది.

మూడు నెలల తర్వాత, క్రిస్మస్ స్టార్లు కడుతున్న రోజుల్లో, అత్త తనంతట తనే బస్సు దిగింది. చంకలో ప్రేమ బొద్దుగా, కొత్త ఊలు స్వెట్టరులో ఉంది. మమ్మల్ని చూసి నవ్వలేదు, జడవలేదు, చూసిందంతే. అత్త ముందు వాకిట్లోంచి ఇల్లంతా దాటి నేరుగా సందులోకి వచ్చి నిలబడింది. ఆమె చదువుకున్న మనిషి, తగ్గి మాట్లాడడం ఎరగదు. ఆ రోజు రాహేలమ్మతో ఆమె అన్నది నాకు అక్షరం పోకుండా గుర్తుంది.

"మా ఇంట్లో పాలుండాయి, ఉయ్యాలుండాది. నేనొక్కదాన్నే ఉండాను. నేను బడికి పోతే పనిమనిషి, అది పోతే నేను. మొదట్లో ఏడ్సేది. ఇప్పుడు ఏడ్సేది కూడా మానేసింది. బుద్ధిమంతురాలు అంటాండారు అందరూ. నాకు భయమైతాంది."

రాహేలమ్మ పిల్లను అందుకుంది. ఎంతసేపటికో ఫాతిమక్క కొడుకు వచ్చి ప్రేమ స్వెట్టరు బొత్తాం పీకాడు. చెల్లెలు ఏడ్చింది. ఒక ఏడుపు విని నలుగురు పెద్దాడవాళ్ళు అంత సంతోషపడడం నేను మళ్ళీ చూడలేదు. అత్త ఆ రాత్రి మా ఇంట్లో పడుకుని, పొద్దున ఒక్కతే పుంగనూరు బస్సెక్కింది. తర్వాత ప్రతి రెండో శనివారం వచ్చేది, వెనక వాకిట్లోంచే వచ్చేది.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. లెక్క పూర్తి కాదు. ప్రేమకు మాట వచ్చాక మొదట "అమ్మా" అని పిలిచింది రాహేలమ్మను. మా అమ్మ పంతొమ్మిది నెలలకు, చిక్కి, జుట్టు కత్తిరించుకుని, నయమై ఇంటికొచ్చింది. చేతులు చాపింది. చెల్లెలు రాహేలమ్మ చీర వెనక దాక్కుంది. పిలిస్తే రాదు, ఎత్తుకుంటే కాళ్ళు తన్నుకుంటుంది. అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. ఉప్పు ఎక్కువైందని పప్పు పారబోసి, మళ్ళీ వండింది. ఆ పప్పులో ఉప్పు సరిగ్గానే ఉంది, నేను రుచి చూశాను.

మర్నాడు పొద్దున రాహేలమ్మ తన వెనక వాకిలి మూసి లోపల గడియ వేసుకుంది. మా లైనులో పగటిపూట వాకిలి మూతపడడం అదే మొదలు. ప్రేమ వెళ్ళి చిన్న చేతులతో తట్టింది. అమ్మా అమ్మా అని పిలిచింది. తియ్యలేదు. మిగతా వాకిళ్ళవాళ్ళు కూడా చూస్తూ నిలబడ్డారు, ఎవరూ వంగలేదు. కడాన మా అమ్మ వెళ్ళి ఎత్తుకుంది. మూడు వారాలు ఆ వాకిలి అలాగే ఉంది. ఆ పెద్ద నోటి మనిషి మూడు వారాలు ఇంట్లో చప్పుడు చేయలేదు. నేను ముందు వైపు నుంచి వెళ్ళి చూశాను. డ్యూటీ నుంచి వచ్చి, ఆ తలుపుకు వీపు ఆనించి, నేల మీద కూర్చుని ఉంది. బయట పిల్ల తట్టిన ప్రతిసారీ ఆమె భుజాలు కదులుతున్నాయి. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది.

విజయ్‌కు ఇది చెప్పి, మీ అవ్వ మూసింది బిడ్డ తల్లి దగ్గరకు పోవాలని, నువ్వు కట్టేది బిడ్డ ఎవరి దగ్గరకూ పోకుండా, రెండూ ఒకటి కాదు అన్నాను. 

ఆ రోజుల్లో అందరూ బంగారమని నేను చెప్పడం లేదు. శాంతమ్మ పెట్టిన పుల్లలకు రెండిళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. మా నాయన బాధ మాలో ఎవరికీ పట్టలేదు. కానీ మాట్లాడుకోని ఆ రెండిళ్ళలోనూ మా దావీదు తిన్నాడు. ఈ మధ్య బడుల్లో పిల్లల మనసు బాగోగుల గురించి సభలు పెడుతున్నారు, నన్నూ ఒకసారి పిలిచారు. పిల్లలు ఒంటరిగా ఉండకూడదని గోడ మీద పెద్ద బొమ్మ వేశారు, చక్కటి రంగులు. ప్రతి పిల్లకూ ఒక ఫోను నంబరు ఇచ్చారు, దిగులేస్తే చేయమని. మంచిదే. కానీ ఏడాదిన్నర కూడా నిండని మా ప్రేమ ఏ నంబరుకు చేసేది? నిస్సికి దిగులని తనకే తెలియదు, బిస్కెట్ తిన్నాక కూడా ఏదో ఆకలి అని మాత్రమే తెలుసు. అది వినడానికి గోడకు అవతల మనిషి ఉంటే చాలదు, మధ్యలో గోడ ఉండకూడదు. ఇది వయసు మళ్ళినవాళ్ళ చాదస్తమని అసోసియేషన్‌లో అన్నారట. అయితే కానివ్వండి.

నాలుగున్నరకు ఆటో వచ్చింది, ముందు తలుపుకు తాళం పడింది, కాసేపటికి పక్కింటి వెనక గడియ తీసిన చప్పుడయింది. నిస్సి దారం దగ్గరకు వచ్చి ఆగింది. ఇదేంటి అవ్వా అంది. దాటి రా అన్నాను. అది వంగి, దారం కిందనుంచి దూరి, లోపలికి వెళ్ళి గిన్నె మూతలు తీసి చూసింది. విజయ్ అక్కడే నిలబడి ఉన్నాడు. వంటింట్లో నుంచి ఉప్పు డబ్బా ఎక్కడ అన్న కేక అతనూ విన్నాడు. మేస్త్రికి చెయ్యి ఊపాడు. మేస్త్రి మేకులు పీకి, దారం చుట్టుకున్నాడు.

"ఈ ఒక్కటీ వద్దులేప్పా. అవ్వ పోయినాక సూద్దాం" అన్నాడు. నేను వినాలనే గట్టిగా అన్నాడు. విన్నాను. నాకు ఇప్పట్లో పోయే ఉద్దేశం లేదు.

మిగతా గోడలన్నీ ఈస్టరు లోపలే లేచాయి. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఈ సందులో పోయినవి ఇవి. తొమ్మిది చోట్ల సందు. గిన్నెలు ఉడకబెట్టిన పొయ్యి రాళ్ళు మూడు, పునాదిలో వేశారు. మా నాయనకు, తను లేని లోటు బిడ్డల మొహాన చూసే హక్కు. రత్నమ్మత్తకు కూతురు. ఫాతిమక్కకు మూడు నెలల పాలు. రాహేలమ్మకు మూడు వారాలు, ఆ తర్వాత జీవితాంతం అమ్మా అన్న పిలుపు. మా అమ్మకు అదే పిలుపు, మొదటిసారిది.

పదో గోడ ఈ లెక్కలోకి రాదు.